బావగారు పట్టే తలుపు

నెల మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి క్రీడా సంఘం హాల్లో సంతకి బల్లలు వేస్తారు. పదిగంటలకల్లా వాటి మీద అట్టపెట్టెలు, పెట్టెల్లో రైళ్లు. పడకగదిలో మంచం కింద పరిగెత్తే బుల్లి రైళ్లు కావివి. పెరట్లో, మొక్కల మధ్య, ఎండలో వానలో తిరిగే పెద్ద రైళ్లు. ఒక్కొక్క రైలు పెట్టె మోచేయంత పొడవు. అన్నీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినవే. కంపెనీ పేరున్న డబ్బాలు ఎప్పుడో చిరిగిపోయాయి. అందుకే హాల్లో ఎక్కువగా వినబడే ప్రశ్న, "ఇది ఎవరు చేసింది? ఎన్నో స్కేలు?" స్కేలంటే నిజం రైల్లో ఇది ఎన్నో వంతు అన్న లెక్క.

ఆ ప్రశ్నకి జవాబు కిటికీ పక్కన ఆఖరి బల్ల దగ్గర దొరుకుతుంది. అక్కడ కూర్చునే ఆవిడ పేరు చాలామందికి తెలియదు. అందరికీ ఆవిడ టేపు పిన్ని. వయసు అరవై మూడు. వృత్తి దర్జీ పని. మెడలో పసుపుపచ్చ గుడ్డ టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఆలోచన వస్తే ఆ టేపు మొదటి జానెడూ చూపుడు వేలికి చుట్టి, లాగి, వదిలి, మళ్లీ చుడుతుంది. ఆలోచన ఎంత గట్టిదైతే లాగుడు అంత గట్టిగా ఉంటుంది.

ఆ ఆదివారం ఎర్ర రైలు పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని ఒకాయన వచ్చాడు.

"పిన్నిగారూ, ఇది ఇరవై నాలుగు స్కేలే కదా? అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు."

"ఒట్లు వేసేవాళ్లు తలుపులు తీసి చూడరు నాయనా. ఇలా ఇవ్వు."

ముందు దాన్ని బోర్లా తిప్పింది. చొక్కా ఎవరు కుట్టారో తెలియాలంటే తిరగేసి లోపలి కుట్లు చూడాలి, రైలు పెట్టెకైనా అంతే అన్నది ఆవిడ పద్ధతి. స్క్రూలు ఎక్కడున్నాయి, ఒంటరిగా ఉన్నాయా జంటగా ఉన్నాయా, కొక్కెం వంపు ఎటు, చక్రాలు ఇనుమా ప్లాస్టిక్కా అన్నీ చూసింది. తర్వాత కనబడని మూల గోటితో గీకింది. లోపల కూడా ఎరుపే. అంటే రంగు పైపూత కాదు, ప్లాస్టిక్కులోనే కలిపారు.

"నున్నపొట్టవాడు చేసింది," అంది. కంపెనీల అసలు పేర్లు ఆవిడ నోట ఎప్పుడూ రావు. అడుగు నున్నగా ఉంచేవాడు నున్నపొట్టవాడు, స్క్రూలు రెండేసి పక్కపక్కన బిగించేవాడు జంటస్క్రూవాడు, ఒక్కటే బిగించేవాడు ఒంటిస్క్రూవాడు.

తర్వాత బొత్తాల డబ్బా మూత తీసింది. అందులో ఆరుగురు గుడ్డ మనుషులు పడుకుని ఉంటారు. తీగ చుట్టి, దూది కూరి, గుడ్డ కుట్టి ఆవిడే చేసిన బొమ్మలు. ఒక్కొక్కడిది ఒక్కో పొడవు. అందరికంటే పొడుగు పెదనాన్న, ఆ తర్వాత మామయ్య, బావగారు, మరిది, అల్లుడు, తోడల్లుడు. ఆవిడ మరిదిని తీసి ఎర్ర పెట్టె తలుపులో నిలబెట్టింది. టోపీ తలుపు పైగట్టుకి తగిలి వెనక్కి వంగింది.

"మరిది ఇరవై నాలుగు స్కేలు మనిషి. చూశావుగా, వాడు వంగితే గాని లోపలికి వెళ్లడు. పెట్టె చేసినవాడు ప్రయాణికుల నడుములు విరగ్గొట్టాలనుకోడు కదా." మరిదిని పడుకోబెట్టి అల్లుణ్ణి నిలబెట్టింది. టోపీకి పైన గోరంత ఖాళీతో సుఖంగా నిలబడ్డాడు. "ఇరవై తొమ్మిది. అల్లుడికి సరిపోయింది. బయట అల్లుళ్లకి ఏదీ సరిపోదు గాని, ఇక్కడ సరిపోయింది."

"అయితే నా ఇంజనుకి ఇది జత కాదా?"

"నీ ఇంజను మరిదిది. దీన్ని తగిలిస్తే తండ్రి వెనక పిల్లవాడు నడిచినట్టు ఉంటుంది. నీకు పరవాలేదనుకుంటే తగిలించు, పట్టాలేం అభ్యంతరం చెప్పవు."

అసలు చిక్కంతా ఆ పట్టాలతోనే. పెరటి రైళ్లలో పట్టాల మధ్య వెడల్పు చాలామట్టుకు ఒకటే, నలభై అయిదు మిల్లీమీటర్లు. కాని నిజం రైళ్లలో వెడల్పు పట్టాలవీ ఉంటాయి, కొండలెక్కే ఇరుకు పట్టాలవీ ఉంటాయి. వాటన్నిటినీ ఆ నలభై అయిదులోకే దించాలని ఒకడు బండిని ఇరవై రెండున్నరో వంతుకి తగ్గించాడు, ఇంకొకడు ఇరవై తొమ్మిదో వంతుకి, మరొకడు ముప్ఫై రెండో వంతుకి. అన్నీ ఒకే పట్టాల మీద నడుస్తాయి కనుక అన్నీ ఒకటేననుకుని కొంటారు. ఇంటికెళ్లి వరసగా పెడితే ఒకటి ఏనుగు, ఒకటి మేక.

ఎర్ర పెట్టె కొక్కేనికి ఆవిడ దారంతో ఒక అట్టచీటీ కట్టింది. చీటీలో ఎప్పుడూ మూడే వరసలు. ఎవరు చేశారు, ఎన్నో స్కేలు, ఏం మారింది. మూడో వరస పాత సామానుకి ముఖ్యం. ఎవరో చక్రాలు మార్చి ఉంటారు, ఎవరో కప్పు అతికించి ఉంటారు. హాల్లో ఆ చీటీ ఉన్న బండిని మళ్లీ ఎవరూ తిరగేసి చూడరు.

ఇదంతా ఆవిడ కావాలని నేర్చుకున్నది కాదు. పద్దెనిమిదేళ్ల కిందట భర్త, అప్పటికి బస్సు డిపోలో మెకానిక్, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఒక పెట్టెడు పాత రైళ్లు తెచ్చి పెరట్లో పట్టాలు పరిచాడు. మోటార్లు బాగుచేశాడు, చక్రాలకి నూనె వేశాడు. బండి నడిచింది. కాని ఏదో వెలితి. గట్టు మీద కూర్చుని గంటసేపు చూసినా అదేమిటో ఆయనకి అంతుపట్టలేదు. వంటింటి కిటికీలోంచి ఆవిడ చెప్పింది.

"ఏమండీ, ఆ ఇంజను డ్రైవరు సీట్లో కూర్చుంటే వాడి మోచెయ్యి కిటికీ గట్టుకి అందదు. వెనక పెట్టెలోవాడి మోచెయ్యి గట్టు దాటి బయటికొస్తుంది. వాళ్లిద్దరూ ఒక ఊరివాళ్లు కాదు."

"మోచెయ్యి సంగతి నీకెలా తెలుసు?"

"మీ డిపో డ్రైవర్ల కోట్లన్నీ ఎవరి దగ్గరికి వస్తాయి? అందరికీ ఒకే చోట చిరుగుతాయి."

నిజమే. ఇరవై ఏళ్లుగా డ్రైవర్ల కోట్లకి మోచేతి దగ్గర అతుకులు వేసింది ఆవిడే. మనిషి ఎక్కడ ఆనుకుంటాడు, ఎక్కడ వంగుతాడు, టోపీకి ఎంత ఎత్తు కావాలి అన్నవి ఆవిడ పుస్తకంలో చదవలేదు, చేత్తో కుట్టింది. మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక తీగ ముక్క మీద మొదటి గుడ్డ మనిషిని కుట్టింది. ఇరవై రెండున్నర స్కేలుకి డెబ్భై ఆరు మిల్లీమీటర్ల మనిషి. పొడుగ్గా, నిటారుగా, కొంచెం గర్వంగా వచ్చాడు. "అచ్చం మా అక్క మొగుడిలా ఉన్నాడు," అంది. అలా వాడు బావగారయ్యాడు. మిగతా అయిదుగురికీ పేర్లు వరసన పడ్డాయి. ఆవిడ నిజం మరిది మాత్రం, "వదినా, బావగారి కంటే నన్ను అయిదు మిల్లీమీటర్లు ఎందుకు తగ్గించావు?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు.

ఇప్పుడు లైబ్రరీ సంగతి.

లైబ్రరీ వెనక పెరట్లో చాలా ఏళ్లుగా ఒక రైలు దారి ఉంది. గులాబీ మొక్కల చుట్టూ తిరిగి, వెనక గుమ్మం రాతిమెట్ల కింద నుంచి దూరి, మళ్లీ మొదటికి వస్తుంది. శనివారం సాయంత్రం పిల్లల కథల గంటకి ముందు లైబ్రేరియన్ దాన్ని నడిపేది. రైలు చూడ్డానికి వచ్చిన పిల్లలు పుస్తకం పట్టుకుని ఇంటికెళ్లేవారు. నాలుగు నెలల కిందట ఇంజను పూర్తిగా చచ్చిపోయింది. మెట్ల కింద చెక్కతో కట్టిన సొరంగం పుచ్చి కూలింది. లైబ్రరీ సంఘం అధ్యక్షుడు అదే అదను అనుకున్నాడు. ఆయనకి అక్కడ స్కూటర్లు పెట్టుకునే స్థలం కావాలి. సిమెంటు బస్తాలు కూడా తెప్పించి వెనక వరండాలో పేర్పించాడు. లైబ్రేరియన్ గట్టిగా పట్టుబడితే చివరికి ఒక మాట అన్నాడు.

"వచ్చే నెల రెండో శనివారం నాలుగింటికి సభ్యులందరూ వస్తారు. వాళ్ల ముందు మీ రైలు ఆగకుండా ఒక్క చుట్టు తిరగాలి. తిరిగితే నేను స్థలం మాట ఎత్తను. ఆగితే సోమవారం సిమెంటు."

లైబ్రేరియన్ నలభై దాటిన మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది గాని అనుకున్నది వదలదు. గడువుకి ముందటి ఆదివారం సంతలో ఒక నల్ల ఇంజను చూసి నేరుగా టేపు పిన్ని బల్ల మీద పెట్టింది.

"అక్కా, నా దగ్గరున్న మూడు పెట్టెలూ బావగారివని నువ్వే చీటీ రాశావు. ఇది వాటికి జతేనా? ఇది తప్పితే నాకు ఇంకో అవకాశం లేదు."

పిన్ని ఇంజన్ని బోర్లా తిప్పింది. అడుగున స్క్రూలన్నీ రెండేసి, నక్షత్రం తలవి. జంటస్క్రూవాడే. బావగార్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. మోచెయ్యి కిటికీ గట్టు మీద పొందిగ్గా ఆనింది. భర్త తన సంచీలోంచి జంటస్క్రూవాడి పాత పట్టిక తీశాడు. డిపో నుంచి రిటైరయ్యాక ఆయన పని కంపెనీల పాత పట్టికలు పోగెయ్యడమే. పిన్ని మెడలో టేపు తీసి పట్టాల మట్టం నుంచి పొగగొట్టం అంచు దాకా కొలిచింది.

"సరిగ్గా రెండు వందల మిల్లీమీటర్లు. పట్టికలో ఎంతండీ?"

"రెండు వందలే."

"అయితే పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది." మామూలుగా అయితే పొట్ట విప్పి లోపల కూడా చూసేది. కొలత అంత ముచ్చటగా కలిసేసరికి స్క్రూడ్రైవరు తియ్యలేదు. చీటీ మూడో వరసలో 'ఏమీ మారలేదు' అని రాసింది.

మెట్ల కింద కొత్త సొరంగం కట్టే పని మేస్త్రికి అప్పగించారు. యాభై ఏళ్ల మనిషి, చేతిలో స్టీలు టేపు, చెవి మీద పెన్సిలు. పైన మెట్టు బండ, కింద మురుగు గొట్టం. మధ్యలో ఉన్న సందులో ఇటుకలతో ఆర్చి కట్టాలి. "ఇంజను ఎత్తు ఎంత?" అని అడిగాడు. రెండు వందలు అని చెప్పారు. "అయితే రెండు వందల మూడు వస్తుంది. అంతకంటే ఒక్క గీత కూడా ఇవ్వలేను. ఇచ్చానంటే మెట్టు దిగుతుంది," అన్నాడు. అన్న కొలతకే కట్టాడు.

శుక్రవారం ఉదయం అందరూ పెరట్లో చేరారు. లైబ్రేరియన్ మీట నొక్కింది. నల్ల ఇంజను మూడు పెట్టెల్ని లాగుతూ గులాబీల చుట్టూ తిరిగింది, మలుపు తీసుకుంది, సొరంగంలోకి తల పెట్టింది. లోపల టక్కుమంది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు.

భర్త మీట ఆపి, వంగి, ఇంజన్ని వెనక్కి లాగాడు. పొగగొట్టం అంచు మీద ఎర్రటి ఇటుక పొడి.

"ఇదేమిటి మేస్త్రీ," అంది పిన్ని, "రెండు వందల మూడు అన్నావు."

"రెండు వందల మూడే కట్టాను పిన్నిగారూ. పెన్సిలు గీత కూడా దాటలేదు."

"మరి నా ఇంజను రెండు వందలే."

"అలాగైతే మధ్యలో మూడు మిల్లీమీటర్లు ఎవరు మింగారు?"

"ఇటుకకి సున్నం కాస్త దట్టంగా కొట్టుంటావు."

"ముప్ఫై ఏళ్లుగా కడుతున్నాను. నా సున్నం ఎప్పుడూ చెప్పిన మాట వింటుంది. మీ ఇంజనే తలెత్తుకుని నడుస్తోందేమో అడగండి."

భర్త వైపు ఇద్దరూ చూశారు. ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నేను మెకానిక్‌ని. ఇది కొలతల గొడవ. నన్ను లాగకండి."

పిన్ని వంగి, తన టేపుతో ఆర్చి కొలిచింది. నూట తొంభై తొమ్మిది.

"ఇదిగో. నూట తొంభై తొమ్మిది."

మేస్త్రి నవ్వలేదు గాని మీసం కదిలింది. "అంటే నేను కట్టాక నాలుగు మిల్లీమీటర్లు కుంగిందన్నమాట. మెట్టు మీద ఎవరైనా లావుపాటి సభ్యుడు నిలబడ్డాడా?" స్టీలు టేపు లాగి తను కొలిచాడు. రెండు వందల మూడు. అదే టేపుతో ఇంజను కొలిచాడు. రెండు వందల నాలుగు.

అప్పుడు లైబ్రేరియన్ నెమ్మదిగా అంది, "రెండు టేపులూ పక్కపక్కన పెట్టి చూడండి."

మెట్టు మీద పెట్టారు. స్టీలు టేపు రెండు వందలు చూపించిన చోట గుడ్డ టేపు నూట తొంభై ఆరు చూపించింది. పిన్ని చూపుడు వేలు తనకి తెలియకుండానే టేపు కొస చుట్టుకోబోయి ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా చుట్టి, లాగి, వదిలిన ఆ మొదటి జానెడూ సాగిపోయింది. ముందు గీతలో సగం సాగి ఉంటుంది, తర్వాత ఒక గీత. రోజూ చూస్తున్న మనిషి లావెక్కినట్టే, ఎప్పుడు ఎంత సాగిందో తెలియదు.

"మరి ఇన్నేళ్లలో ఎవరికీ చొక్కా బిగుతు కాలేదా?" మేస్త్రి గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు.

"ఎలా అవుతుంది? ఒంటి మీద కొలిచిందీ ఈ టేపే, బట్ట మీద గీసిందీ ఈ టేపే. తప్పు బయటపడే సందే లేదు. ఇంకొకరి టేపుతో కలిసి పనిచెయ్యడం ఇదే మొదటిసారి."

లైబ్రేరియన్ వెళ్లి వరండాలో సిమెంటు బస్తా మీద కూర్చుంది. "ఒక్క మిల్లీమీటరు," అంది. "మేస్త్రిగారూ, ఆర్చిని పైన కాస్త అరగదీస్తే?"

"ఇటుక అరిగితే మెట్టు నెత్తిన పడుతుందమ్మా."

"పట్టాలు దించితే?"

"కింద మురుగు గొట్టం. అది పగిలితే అధ్యక్షుడికి స్కూటర్ల కంటే మంచి కారణం దొరుకుతుంది."

"పొగగొట్టం అరగదీస్తే?" అన్నాడు భర్త.

"ఆగండి," అంది పిన్ని. మెట్టు మీద కూర్చుని బొత్తాల డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ముందు బావగార్ని తీసి మేస్త్రి టేపు పక్కన పడుకోబెట్టింది. డెబ్భై ఆరు. పెదనాన్న ఎనభై తొమ్మిది. మరిది డెబ్భై ఒకటి. ఒక్కొక్కరినీ కొలిచి డబ్బాలో పెట్టింది. ఆరుగురూ ఉండాల్సినంతే ఉన్నారు. వాళ్లని కుట్టిననాడు టేపు ఇంకా పెద్దగా సాగలేదు.

"మనుషులు బాగానే ఉన్నారు. టేపే పాడైంది," అంది. "ఏమండీ, జంటస్క్రూవాడి పట్టికలో ఈ ఇంజను ఎత్తు ఎంత?"

"రెండు వందలు. ఎన్నిసార్లు చెప్పను?"

"మేస్త్రి టేపు ప్రకారం ఎంత?"

"రెండు వందల నాలుగు."

"ఆ నాలుగు జంటస్క్రూవాడివి కావు. ఎవరివి?"

ఆవిడ అప్పటికే ఇంజన్ని తిరగేసింది. "చీటీలో ఏమీ మారలేదని రాశాను. కొలత కలిసిందని పొట్ట విప్పలేదు. ఇప్పుడు విప్పండి."

ఆయన విప్పాడు. మోటారు బాగానే ఉంది, చక్రాల సైజు పట్టికలో ఉన్నదే. లోపలి నుంచి పొగగొట్టాన్ని బిగించిన స్క్రూ మాత్రం ఒక్కటే ఉంది. గీతతల స్క్రూ, కింద వాషరు. చుట్టూ ఉన్న మిగతావన్నీ నక్షత్రం తలల జంటలు. పాత రంధ్రాలు రెండూ పక్కనే ఖాళీగా ఉన్నాయి. ఎవరో ఎప్పుడో సొంత పొగగొట్టం విరిగితే వేరే బండిది తెచ్చి మధ్యలో కొత్త రంధ్రం పెట్టి బిగించారు.

"ఒంటిస్క్రూవాడు," అంది పిన్ని. "వాడు చేసేవన్నీ పందొమ్మిది స్కేలు బళ్లు, పెదనాన్నవి. పెదనాన్న టోపీ తెచ్చి బావగారి నెత్తిన పెట్టారు. నేను చూసి, అది ఆయన పుట్టుకతో వచ్చిన టోపీయే అని సంతకం పెట్టాను."

మేస్త్రికి నవ్వు ఆగలేదు. పిన్ని కూడా నవ్వింది. సాగిన టేపు పొడవాటి పొగగొట్టాన్ని సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు పొట్టిచేసి చూపించింది. టేపు మంచిదైతే ఆదివారం నాడే దొంగ దొరికేవాడు.

పొగగొట్టం ఊడదీశారు. ఇప్పుడు ఇంజను సొరంగంలో సుఖంగా పడుతుంది. కాని నెత్తిన రంధ్రంతో ఉంది.

"ఇలా తిప్పితే అధ్యక్షుడు ఇంజను బోసిగా ఉందంటాడు," అంది లైబ్రేరియన్. "పిల్లలు అంతకంటే ముందే అంటారు."

జంటస్క్రూవాడి అసలు పొగగొట్టం వచ్చే నెల సంతలో దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు. పిన్ని లేచి చెప్పులు వేసుకుంది. రెండు వీధుల అవతల తన కుట్టుగదికి వెళ్లి ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో దారం అయిపోయిన కర్ర రీలు ఒకటి, దళసరి బట్ట కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఒకటి.

"మేస్త్రీ, నీ టేపు తియ్యి. పొగగొట్టం మొత్తం ఎత్తు, బండి నెత్తి మీద నుంచి ఎంత ఉండాలో నువ్వే చెప్పు. నేను ఇవాళ కొలవను."

మేస్త్రి కొలిచాడు, చెవి మీది పెన్సిలుతో రీలు మీద గీత పెట్టాడు, సానరాయి మీద గుండ్రంగా తిప్పుతూ గీత దాకా అరగదీశాడు. ఇటుకల పని చేసే చేతులు రీలుని గుడ్డులా పట్టుకున్నాయి. భర్త ఇత్తడి తొడుగు అడుగున రంధ్రం పెట్టి, మూతి పైకి ఉండేలా రీలు మీద కూర్చోబెట్టి, ఒకే పొడుగాటి స్క్రూతో రెంటినీ ఇంజనుకి బిగించాడు. రీలుకి బూటు పాలిష్ పట్టించారు. ఇత్తడికి ఏమీ రాయలేదు, బాగుందని వదిలేశారు.

"మొత్తం నూట తొంభై తొమ్మిది," అన్నాడు మేస్త్రి. "నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ. ఇప్పుడు లావుపాటి సభ్యుడు మెట్టెక్కినా పరవాలేదు."

శనివారం నాలుగింటికి సభ్యులు పదకొండు మంది, పిల్లలు ముప్ఫై మంది దాకా వచ్చారు. అధ్యక్షుడు గడియారం చూసుకుని తల ఊపాడు. లైబ్రేరియన్ మీట నొక్కింది. బండి గులాబీలు దాటింది. మలుపు దాటింది. సొరంగం దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి చేత్తో పట్టుకున్నాడు. పిన్ని వేలికి చుట్టుకోడానికి టేపు కోసం మెడ తడుముకుంది. ఆ రోజు తెచ్చుకోలేదు. చీర కొంగు చుట్టుకుంది. ఇంజను సొరంగంలోకి వెళ్లింది, వెనక మూడు పెట్టెలూ వెళ్లాయి. రెండు క్షణాల తర్వాత అవతల ముందుగా ఇత్తడి మెరిసింది.

ఒక్క చుట్టు పూర్తయింది. లైబ్రేరియన్ మీట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రెండో చుట్టు కూడా అయింది. మూడో చుట్టులో అధ్యక్షుడు వంగి ఇంజన్ని దగ్గరగా చూశాడు.

"పొగగొట్టం మీద ఆ గుంటలేమిటి?"

"సూది జారకుండా," అంది పిన్ని.

"ఇంజనుకి సూదితో పనేమిటి?"

"ఇంజనుకి లేదు లెండి. నా వేలికి ఉండేది."

ఆయన అర్థం చేసుకోడానికి కొంచెంసేపు ప్రయత్నించి మానేశాడు. "నేను ఒక్క చుట్టే అన్నాను," అన్నాడు లైబ్రేరియన్‌తో. కాని ఆపమనలేదు. ఆరో చుట్టు దాకా అక్కడే నిలబడ్డాడు. సిమెంటు బస్తాలు ముందు వాకిట్లో విరిగిన గట్టుకి ఉపయోగపడ్డాయి. మేస్త్రికి ఇంకో రెండు రోజుల పని దొరికింది.

సోమవారం పిన్ని తన చీటీల నకళ్లున్న పుస్తకం తీసింది. తలుపులూ కిటికీలూ ఉన్న బళ్ల సంగతి చూడక్కర్లేదు, వాటిని తేల్చింది గుడ్డ మనుషులు. తలుపే లేని బళ్లు, నూనె ట్యాంకులు, దుంగలు మోసే బల్లబళ్లు, వాటికి మాత్రం టేపే ఆధారం. నకళ్లు రాసుకోవడం మొదలెట్టిన ఈ నాలుగేళ్లలో అలాంటివి తొమ్మిది. తొమ్మిది మందికీ ఫోన్ చేసింది. బళ్లు తెప్పించి స్టీలు టేపుతో మళ్లీ కొలిచింది. ఏడు సరిపోయాయి. రెండు తప్పు. ఆ రెంటిలో ఒకదాని యజమాని నూనె ట్యాంకు వెనక్కి తీసుకుంటూ అన్నాడు.

"నాలుగేళ్లుగా హాయిగా తిరుగుతోంది పిన్నిగారూ. స్కేలు తప్పని దానికేం తెలుసు?"

"దానికి తెలియదు. నాకు తెలిసిపోయింది. పాత చీటీ ఇటివ్వు."

మేస్త్రి ఆవిడకి ఒక కొత్త స్టీలు టేపు తెచ్చిచ్చాడు. రైళ్లకి ఇప్పుడు అదే వాడుతుంది. కుట్టుగదిలో మాత్రం పాత గుడ్డ టేపే. భర్త అడిగాడు, అదెందుకు ఇంకా అని.

"నా పుస్తకంలో ఊరందరి కొలతలూ ఈ టేపువే. ఇవాళ మారిస్తే రేపటికి అందరూ ఒక్కసారి లావెక్కుతారు. వాళ్లకి ఎవరు చెబుతారు, మీరు చెబుతారా?"

ఆయన చెప్పనన్నాడు.

లైబ్రరీ ఇంజను కొక్కేనికి ఇప్పుడు కొత్త చీటీ ఉంది. ఎవరు చేశారు: జంటస్క్రూవాడు. ఎన్నో స్కేలు: బావగారు, ఇరవై రెండున్నర. ఏం మారింది అన్న మూడో వరసలో చోటు చాలక అక్షరాలు అంచు దాకా వెళ్లాయి: పొగగొట్టం. దర్జీ, మేస్త్రి, మెకానిక్ కలిసి చేసింది. స్కేలు లేదు, సొరంగం ఎంతో ఇదీ అంతే.

ఆ తర్వాతి సంతలో అసలు పొగగొట్టం ఒకటి దొరికింది. రెండు రంధ్రాలది, నిక్కచ్చిగా జంటస్క్రూవాడిది. పిన్ని దాన్ని తీసుకెళ్లి లైబ్రేరియన్‌కి ఇచ్చింది. లైబ్రేరియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెన్సిళ్ల పక్కన నిలబెట్టింది. "పిల్లలు ఇత్తడిదే కావాలంటున్నారక్కా," అంది. పిన్ని వచ్చేటప్పుడు వేలికి పెట్టుకోడానికి ఇంకో తొడుగు కొనుక్కుంది.